సిగ్గు లేదా ఆంటీ అంది

"ఆంటీ, మీకు సిగ్గు లేదా?"

తెలుగులోనే అంది ఆ మాట. 2024 ఏప్రిల్ నెలాఖరు. చికాగో పక్కన మా యూనివర్సిటీ డైనింగ్ హాల్, మధ్యాహ్నం పన్నెండున్నర, క్లాసులు వదిలి పిల్లలంతా ఒక్కసారిగా వచ్చిపడే టైము. నేను సలాడ్ల దగ్గర ఫ్రిజ్ ముందు వంగి హమ్మస్ అనే శనగల పచ్చడి కప్పుల మీద ఎవరో అంటించిన స్టిక్కర్లు పీకుతున్నాను. 'కొనకండి' అని ఎర్ర అక్షరాలు, ఇందులో ఇజ్రాయెల్ కంపెనీకి వాటా ఉందని దాని కింద సన్న అక్షరాల్లో. పైపొర ఊడొస్తుంది కానీ తెల్ల కాగితం జిగురుతో సహా మూత మీదే ఉండిపోతుంది, గ్లవ్స్ వేసుకున్న చేతికి గోరు పట్టదు. ముప్పై కప్పులకు పైనే ఉన్నాయి.

ఆ పిల్ల నాకు తెలిసిన పిల్లే. నేపర్‌విల్‌లో పుట్టి పెరిగింది, అమ్మానాన్నలది విజయవాడ. నా బ్యాడ్జీ మీద పేరు చూసి మొదటిరోజే "మీరు తెలుగా ఆంటీ" అని పలకరించింది, అప్పటినుంచి తను వస్తే అన్నం ఒక గరిటె ఎక్కువే వేస్తాను. ఆ పిల్ల నోట ఆ మాట వినేసరికి నాకు చెవులు వేడెక్కిపోయాయి. మా ఇంట్లో పెద్దవాళ్ళని అలా అడిగితే మా నాయనమ్మ చెంప ఛెళ్ళుమనిపించేది. తను ఇంగ్లీషులో అనుకుని తెలుగులోకి మార్చుకుని అనేసి ఉంటుందని, అక్కడ అది చిన్నమాటేనని తర్వాత నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. కానీ సిగ్గు లేదా అనే మాట తెలుగులో ఎంత బరువో మనకు తెలుసు కదా. ఆ రాత్రి అన్నం సయించలేదు. ఇది ఇప్పటికి చాలామందికి చెప్పాను, చెప్పిన ప్రతిసారీ ఆ పిల్లకే జవాబు చెప్తున్నట్టు ఉంటుంది.

ముందు నా ఉద్యోగం సంగతి చెప్పాలి. మా ఆయన హెచ్1 మీద ఉన్నారు, నాకు ఆయన వీసా మీదే పని చేసుకునే కార్డు వచ్చింది. గ్రీన్ కార్డు లైన్లో మా నంబరు ఎప్పటికి వస్తుందో ఆలోచించడం మానేసి చాలాకాలమైంది. ఈ డైనింగ్ హాల్లో కూరగాయలు తరిగే పనితో మొదలుపెట్టి ఇప్పుడు ఒక షిఫ్టు చూసుకుంటున్నాను. తినే వస్తువు మీద బయటివాళ్ళు ఏది అంటించినా తీసేయాలి, అది పండగ బొమ్మ అయినా సరే, ఎన్నికల ప్రచారం అయినా సరే. మూత కదిలిందేమో, లోపల ఏమైనా వేశారేమో అని చూసుకోవడం నా పని. గాజాలో ఏం జరుగుతోందో నాకు తెలియదా? ఫోన్లో ఆ పిల్లల్ని చూసి ఎన్ని రాత్రులు నిద్ర పట్టలేదో నాకు తెలుసు. తెలిసినా స్టిక్కరు తీయాల్సిందే.

అసలు హమ్మస్‌కీ యుద్ధానికీ సంబంధం ఏమిటని మా చెల్లి ఫోన్లో అడిగింది. హమ్మస్ అంటే కాబూలీ శనగలు ఉడకబెట్టి నువ్వుల ముద్ద, నిమ్మరసం, వెల్లుల్లి వేసి మెత్తగా రుబ్బిన పచ్చడి. మా కౌంటర్లో ఉండేది సబ్రా. అప్పట్లో ఆ కంపెనీలో సగం పెప్సీకోది, సగం ఇజ్రాయెల్‌కు చెందిన స్ట్రాస్ గ్రూప్‌ది. ఇజ్రాయెల్ సైన్యంలోని గోలానీ బ్రిగేడ్‌కు తాము అండగా ఉంటామని స్ట్రాస్ వాళ్ళు తమ వెబ్‌సైట్‌లోనే రాసుకున్నారు. పాలస్తీనా సంఘాలు 2005లో ఇజ్రాయెల్ వస్తువుల్ని బహిష్కరించమని ప్రపంచానికి పిలుపునిచ్చాయి, అమెరికా కాలేజీల్లో ఆ పిలుపు ముందుగా వచ్చి తగిలినవాటిలో ఈ శనగల డబ్బా ఒకటి. 2010లో మా చికాగోలోనే డీపాల్ యూనివర్సిటీలో అమ్మకం కొన్నాళ్ళు ఆపి మళ్ళీ మొదలుపెట్టారు. మరుసటి ఏడాది విద్యార్థులు ఓటింగ్ పెట్టుకుంటే ఎక్కువమంది తీసేయమనే అన్నారు కానీ 1,500 ఓట్లు పడాలన్న నిబంధనకు కొద్దిలో తగ్గి చెల్లలేదు. ప్రిన్స్‌టన్‌లో అయితే తీసేయమని కూడా అడగలేదు, పక్కన ఇంకో రకం పెట్టమన్నారు, అంతే. దానికి 699 మంది సరేనన్నారు, 1,014 మంది వద్దన్నారు. నా ముందు నిలబడి సిగ్గు లేదా అన్న పిల్లకు అప్పటికి ఆరేడేళ్ళు ఉంటాయేమో.

ఇదంతా ఆ పిల్ల నాకు చెప్పక్కర్లేదు. మాది చీరాల. 1921లో ప్రభుత్వం మునిసిపాలిటీ పేరు చెప్పి పన్నులు పెంచితే, దుగ్గిరాల గోపాలకృష్ణయ్య గారి మాట మీద చీరాల పేరాల జనం ఇళ్ళు వదిలేసి ఊరవతల రామనగర్ అని పాకలు వేసుకుని పదకొండు నెలలు ఎండకూ వానకూ ఉన్నారు. మా నాయనమ్మ అత్తగారు చంటిబిడ్డను చంకనేసుకుని, ఇత్తడి బిందె నెత్తిన పెట్టుకుని వెళ్ళిందట. ఆ బిందె ఇప్పటికీ మా అన్నయ్య ఇంట్లో ఉంది. సీమగుడ్డ కట్టకూడదని జనం అనుకున్న రోజుల్లో మా తాతలు గుంట మగ్గంలో కూర్చుని బట్ట నేశారు. అలాంటి ఇంట్లో పుట్టినదాన్ని పట్టుకుని బహిష్కరణ అంటే ఏంటో తెలియనట్టు మాట్లాడితే నాకు రోషం రాదా? వచ్చింది. రోషం తగ్గాక మాత్రం ఇంకో ఆలోచన వచ్చింది. రామనగర్ వెళ్ళిన నా మనిషికి ఈ పిల్ల దగ్గరా, స్టిక్కర్లు పీకుతున్న నేను దగ్గరా? అది తలుచుకున్నప్పుడల్లా ఆ పిల్ల మీద కోపం నిలవదు.

ఆ రోజు ఇంకొకటి కూడా జరిగింది. మా వంటగదిలో ఒక పాలస్తీనా పెద్దావిడ పని చేస్తుంది, ఉండేది బ్రిడ్జ్‌వ్యూలో. అక్కడ వీధివీధంతా వాళ్ళవాళ్ళే. 2023 అక్టోబర్‌లో ప్లెయిన్‌ఫీల్డ్ దగ్గర ఆరేళ్ళ పాలస్తీనా పిల్లవాడిని ఇంటి ఓనరే కత్తితో పొడిచి చంపాడు, మన తెలుగువాళ్ళు ఇళ్ళు కొనుక్కున్న కాలనీలకు అది ఎంతో దూరం కాదు. ఆ పిల్లవాడి అంత్యక్రియలకు ఈవిడ వెళ్ళొచ్చింది. మర్నాడు పనిలోకి వచ్చి ఎవరితోనూ మాట్లాడకుండా రెండు బస్తాల ఉల్లిపాయలు తరిగింది. అంత మనిషి, నేను ఆ కప్పులతో కుస్తీ పడుతుంటే వచ్చి చూసింది. నాకు తల ఎత్తాలనిపించలేదు. ఆవిడ లోపలికి వెళ్ళి పేపర్ టవల్ మీద కాస్త ఆలివ్ నూనె పోసుకొచ్చి ఒక మూత మీద రాసి, పది అంకెలు లెక్కపెట్టి తుడిచింది. జిగురంతా శుభ్రంగా వచ్చేసింది. "నూనె రాయి హబీబ్తీ, గోళ్ళు పాడవుతాయి" అంది. హబీబ్తీ అంటే అరబ్బీలో నా బంగారం అన్నట్టు. తర్వాత ఇద్దరం పక్కపక్కన నిలబడి ముప్పై కప్పులూ తుడిచాం. "వాళ్ళు పిల్లలు, అంటించనీ. రేపు మళ్ళీ అంటిస్తారు, మళ్ళీ తుడుద్దాం" అంది. ఆవిడ ఇంట్లో సబ్రా ఎప్పుడూ కొనదు. ఇక్కడ మాత్రం పెద్ద డబ్బాలు తనే కోసి ట్రేలలో వేస్తుంది, పనిలో ఉన్నంతసేపు అది పని.

నేను ఆ పిల్లకు చెప్పాలనుకున్నది ఇదే. నువ్వు అడగాల్సిన మనిషి కౌంటర్ వెనక లేరమ్మా. డైనింగ్ హాల్లోకి ఏ బ్రాండు రావాలో నేను నిర్ణయించను, మా చెఫ్ కూడా నిర్ణయించడు. యూనివర్సిటీ కాంట్రాక్టు ఇచ్చిన కంపెనీ, దానికి సరుకు పంపే పెద్ద డిస్ట్రిబ్యూటరు, వాళ్ళమధ్య ఏడాది ముందే రాసుకున్న ధరలు, ఇవన్నీ పైన ఎక్కడో జరుగుతాయి. నా దగ్గరికి వచ్చేది ఆర్డరు షీటు. గిన్నెలు కడిగే మిషన్ దగ్గర నిలబడే మన గుంటూరు, కరీంనగర్ ఎమ్మెస్ పిల్లలకు అదీ రాదు, వాళ్ళకు తెలిసింది వారానికి ఇరవై గంటలూ ఊళ్ళో నాన్న తెచ్చిన అప్పూ. గాజా కోసం నిరసనగా విద్యార్థులు క్యాంపస్ లాన్‌లో టెంట్లు వేసినప్పుడు ఈ ఎమ్మెస్ పిల్లల్లో ఒకడు అటు చూస్తూ "ఆంటీ, నాకూ వెళ్ళి కూర్చోవాలని ఉంది" అన్నాడు. వెళ్ళలేదు. నేనే వద్దన్నాను. డీపాల్‌లో అలాంటి టెంట్లే పదిహేడు రోజులు ఉన్నాయి, మే 16న పోలీసులు తీసేశారు. మరుసటి ఏడాది వసంతంలో విదేశీ విద్యార్థుల వీసాలు రద్దు చేయడం మొదలుపెట్టాక ఆ పిల్లవాడు ఫోన్లో పాత పోస్టులన్నీ చెరిపేసుకున్నాడు, లైకులతో సహా. సిగ్గుకూ భయానికీ తేడా ఉంది. అమెరికా పాస్‌పోర్టు ఉన్న పిల్లకు ఆ తేడా కనపడకపోవడం తన తప్పు కాదు, కానీ కనపడాలి.

మా ఆయన మాత్రం ఇంకో వాదన పెట్టారు. ఇంట్లో సోడా చేసుకునే మిషన్లు అమ్మే సోడాస్ట్రీమ్ వాళ్ళ ఫ్యాక్టరీ ఆక్రమించిన వెస్ట్ బ్యాంక్ భూమిలో ఉండేది, దానిమీద పెద్ద గొడవ అయింది, 2015లో మూసేసి ఇజ్రాయెల్ లోపలికి వెళ్ళిపోయారు, అక్కడ పని చేస్తున్న దాదాపు 500 మంది పాలస్తీనా కార్మికులకు పని పోయింది, ఇదేనా మీ సాయం అని. దీనిమీద మేమిద్దరం వారం రోజులు పోట్లాడుకున్నాం. కంపెనీ ఏమో వ్యాపార కారణాలతో మారామంది. నేనన్నది ఒక్కటే, కూలి దొరుకుతుందని చెప్పి లాక్కున్న పొలంలో ఫ్యాక్టరీ కట్టడం న్యాయం అయిపోదు. అయినా ఆ 500 ఇళ్ళ సంగతి నా మనసులోంచి పోలేదు. రామనగర్ పాకల్లో జబ్బు చేసిన పిల్లల గురించి మా నాయనమ్మ చెప్పేది, ఇలాంటివాటిలో ముందు దెబ్బ తినేది ఎవరో నాకు ఆ కథల్లోనే తెలిసింది.

ఇక అసలు నన్ను తినేస్తున్నది వేరే. మా దగ్గరికి టోపీ పెట్టుకునే ఒక యూదు కుర్రాడు వస్తాడు, వాళ్ళ మత నియమాల ప్రకారం వండి సీలు వేసిన కోషర్ భోజనం తీసుకుంటాడు, ట్రే ఇచ్చేటప్పుడు పేరు పెట్టి థాంక్స్ చెప్తాడు. ఆ సెమిస్టరులో ఒకరోజు అతను కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చోగానే అక్కడున్న నలుగురూ ట్రేలు తీసుకుని లేచిపోయారు. ఆ నలుగురిలో మన పిల్ల కూడా ఉంది. ఇజ్రాయెల్ గురించి అతని అభిప్రాయం ఏంటో వాళ్ళు అడగడం నేను చూడలేదు. ఇరవై నిమిషాలు ఒక్కడే తిన్నాడు.

దానికి మన దగ్గర బహిష్కరణ అనరు, వెలి అంటారు. మా అమ్మమ్మగారిది తెనాలి, చీరాల నుంచి రైల్లో వెళ్తే దారిలో చుండూరు వస్తుంది. 1991లో అక్కడ దళితులను పనుల్లోకి పిలవకుండా వారాల తరబడి వెలేసి, ఆగస్టు 6న ఎనిమిది మందిని చంపారు. నాకప్పుడు పదేళ్ళు. ఆ తర్వాత రైలు ఆ స్టేషన్లో ఆగినప్పుడు పెట్టెలో అందరూ మాటలు ఆపేయడం నాకు గుర్తుంది. ఆ రెంటికీ పోలిక పెట్టడం లేదు, అక్కడ ప్రాణాలు పోయాయి, ఇక్కడ ఒక బల్ల ఖాళీ అయింది. కానీ వస్తువు ముట్టుకోను అనడం దగ్గర మొదలై మనిషి పక్కన కూర్చోను అనేదాకా వచ్చేస్తే, చీరాలా చుండూరూ ఒకే రైలు దారిలో ఉన్నాయని నాకు భయమేస్తుంది.

2024 డిసెంబర్‌లో స్ట్రాస్ వాటా కూడా పెప్సీకోనే కొనేసింది. మా ఫ్రిజ్‌లో స్టిక్కర్లు అప్పటికే తగ్గాయి. ఆ పిల్ల మాత్రం నాతో సరిగ్గా మాట్లాడటం మానేసింది, నేను అన్నం ఎక్కువ వేయడం మానలేదు.

పోయిన మార్చిలో ఒకరోజు ట్రే పట్టుకుని జంకుతూ నిలబడింది. "ఆంటీ, శనగలు ఎన్ని గంటలు నానాలి?" అని అడిగింది. వాళ్ళ సంఘం పిల్లలు బయట కొనకుండా వాళ్ళే చేసుకుంటున్నారట, గింజలు గట్టిగా ఉండిపోతున్నాయట. రాత్రి నానబెట్టి, ఉడికేటప్పుడు చిటికెడు వంట సోడా వేసి, పొట్టు చేత్తో నలిపి తీసేయమన్నాను. ఫోన్లో రాసుకుంది. అప్పుడు కిటికీ పక్క బల్ల చూపించాను, ఆ కుర్రాడు అక్కడే తింటున్నాడు.

"ఆ రోజు ఎందుకు లేచావమ్మా?"

"అది వేరే విషయం ఆంటీ" అంది. తల దించుకునే అంది.

"కాదు" అన్నాను.

వెనక లైన్లో పిల్లలు కదలమంటున్నారు. తను ట్రే తీసుకుని నడిచింది, కిటికీ బల్లకు రెండు బల్లల ఇవతల కూర్చుంది. నేను సాంబారు లాంటి ఆ పప్పు సూప్ గిన్నె ఖాళీ అయిందని లోపలికి వెళ్ళాను.