మూసుకోని లూపు

ఆదివారం. గుహ సర్వే ఫైళ్లన్నీ, కొలతల నుంచి గుహ పటం లెక్కగట్టే సర్వెక్స్ సాఫ్ట్‌వేర్‌లో ఒక్క హెచ్చరిక కూడా లేకుండా నడిచాయి. దాన్ని బట్టి డేటా బాగుందనుకోకూడదు. స్టేషన్ (కొలత తీసే గుర్తు) పేరు తప్పు కొట్టి ఆ వెనకాల భాగం తెగిపోతే సాఫ్ట్‌వేర్ చెబుతుంది. కంపాస్ దిశ 87 డిగ్రీలకు బదులు 267 వేస్తే మాత్రం ఏమీ అనదు, అదీ చెల్లే రీడింగే మరి. అలాంటివి బయటపడేది లూపు దగ్గరే, అంటే కొలుస్తూ తిరిగి మొదటి స్టేషన్‌కే వచ్చే దారిలో.

సర్వెక్స్ తప్పుల లెక్క రాసే ఈఆర్ఆర్ ఫైలులో 14 లెగ్గుల (స్టేషన్ నుంచి స్టేషన్‌కి ఒక్కో కొలత) లూపు ఒకటి, పొడవు 118 మీటర్లు, మూసుకోవడంలో తేడా 4.35 మీటర్లు. పక్కనున్న శాతం మీద నాకు నమ్మకం తక్కువ. లూపు పొడవైతే పెద్ద తప్పూ చిన్న శాతంలో దాక్కుంటుంది. హెచ్ (అడ్డం తేడా), వీ (నిలువు తేడా) అంకెలు చూడాలి, అవి మామూలుగా రావాల్సిన తేడాకి ఎన్ని రెట్లో చెబుతాయి. 1 దగ్గర ఉంటే పరికరాల సహజమైన తేడా, 3 దాటితే ఎక్కడో పొరపాటు. ఇక్కడ హెచ్ 1 లోపే, వీ మాత్రం చాలా ఎక్కువ. కాబట్టి కంపాస్‌ని వదిలేసి, వాలు కొలిచే క్లైనో వరస చూడాలి. ప్లస్, మైనస్ తారుమారైతే ఆ లెగ్గు ఎత్తుకు రెట్టింపు తేడా వస్తుంది. 8.4 మీటర్లు, ప్లస్ 15 డిగ్రీల లెగ్గుకి లెక్క సరిపోయింది. నోట్‌బుక్ స్కాన్‌లో బురద మరక కింద మైనస్ గీత ఉంది.

ఆ గీత కనబడకపోతే ఫైలు ముట్టుకోకూడదు. లెక్క కుదిరిందని అంకె మార్చడం డేటా కల్పించడమే. మార్చినా పాత రీడింగుని, సాఫ్ట్‌వేర్ చదవకుండా ముందు సెమీకోలన్ పెట్టి, అక్కడే ఉంచాలి.

తేడా అడ్డంగా ఉంటే దిశ చూడాలి. లెగ్గు వెంబడే, దాని పొడవుకి రెట్టింపు ఉంటే కంపాస్ 180 డిగ్రీలు తిరిగినట్టు. పక్కకు, పొడవులో ఆరో వంతు ఉంటే 10 డిగ్రీలు తప్పు చదివినట్టు. 13.6ని 16.3గా రాస్తే లెగ్గు వెంబడి 2.7 మీటర్లు. పక్కపక్కనున్న రెండు లూపులూ చెడితే ముందు వాటి ఉమ్మడి లెగ్గుల్లో వెతకాలి. 1982, 1983లలో గెబావర్ నాయకత్వంలోని జర్మన్ బృందం సర్వే చేసిన మన బేలుం లాంటి చిక్కుదారుల గుహలో ఈ సాయం బాగా దొరుకుతుంది.

లూపు కూడా పట్టుకోలేని తప్పు ఒకటుంది. కంపాస్ అన్ని రీడింగుల్లోనూ ఒకేలా 3 డిగ్రీలు ఎక్కువ చూపితే లూపు మొత్తం 3 డిగ్రీలు తిరుగుతుంది, అయినా చక్కగా మూసుకుంటుంది. వేరే కంపాస్‌తో కొలిచిన భాగాన్ని కలిపే పెద్ద లూపులో గానీ అది తెలియదు. అందుకే గుహలోకి దిగేముందు, వచ్చాక, బయట ఒకే గీత మీద ప్రతి కంపాస్‌నీ చదివి పుస్తకంలో రాయాలి. ఆ 3 డిగ్రీలను ఫైలులో పరికరం తప్పు చెప్పే క్యాలిబ్రేట్ వరసలో ప్లస్ 3 గానే వేయాలి. సర్వెక్స్ దాన్ని రీడింగులోంచి తీసేస్తుంది. మైనస్ 3 వేస్తే తప్పు 6 డిగ్రీలవుతుంది.