లివరు న్యూట్రల్‌లో ఉన్నా బోటు ముందుకే పోతుంటే

రిమోట్ కంట్రోల్ (అంటే నడిపేవాళ్ల దగ్గరుండే లివరు) ఉన్న ఔట్‌బోర్డ్ బోటులో, అంటే ఇంజను వెనక బయట తగిలించి ఉండే బోటులో, లివరు నుంచి ఇంజనుకు రెండు కేబుళ్లు వెళ్తాయి. ఒకటి గేరుకి, ఒకటి ఇంజను వేగం పెంచే థ్రాటిల్‌కి. గేరు కేబులు తెగితే లివరు మామూలు కంటే తేలిగ్గా కదిలి న్యూట్రల్‌లోకి వచ్చేస్తుంది. కింద గేరు మాత్రం పడిన చోటే ఉండిపోతుంది. జెట్టీ దగ్గర పడుతుండగా ఈ సంగతి బయటపడితే వెంటనే కిల్ స్విచ్ (ఇంజనును ఆపేసే స్విచ్) తాడు లాగెయ్యండి. రివర్స్ వేద్దామని లివరు వెనక్కి లాగారా, తెరుచుకునేది థ్రాటిలే. బోటు ఇంకా జోరుగా ముందుకు దూకుతుంది.

ఆగాక ఇంకో ప్రమాదం ఉంది. గేరులో ఉండగా ఇంజను స్టార్ట్ కాకుండా ఆపే స్విచ్ చాలా బోట్లలో లివరు ఉండే కంట్రోల్ బాక్సులోనే ఉంటుంది. దానికి తెలిసేది లివరు ఎక్కడుందో అంతే, గేరు సంగతి తెలియదు. అందుకే తాళం తిప్పగానే ఇంజను గేరులోనే అందుకుని, నిలబడ్డవాళ్లను నీళ్లలో పడేస్తుంది. ముందు లంగరు వెయ్యండి, తాళం తీసి జేబులో పెట్టుకోండి, ఆ తర్వాతే ఇంజను మూత తియ్యండి.

గేరు కేబులు చివర ఉన్న పిన్ను తీసి, షిఫ్ట్ ఆర్మ్‌ను (ఇంజను మీద గేరు మార్చే చేతిని) చేత్తో కదపండి. మొరాయిస్తే ప్రొపెల్లర్‌ను కొంచెం తిప్పుతూ కదపాలి, లోపలి క్లచ్ పళ్లు అప్పుడే విడతాయి. ప్రొపెల్లర్ రెండు వైపులా తేలిగ్గా తిరిగితే న్యూట్రల్ పడినట్టే. ఊడిన కేబులు ఫ్లైవీల్‌కు (ఇంజనుతో పాటు తిరిగే బరువైన చక్రానికి) తగలకుండా పక్కకు కట్టెయ్యండి. చాలాసార్లు కేబులు తెగనే తెగదు, చివర స్ప్లిట్ పిన్ను (కాళ్లు విడదీసి వంచే చిన్న పిన్ను) రాలిపోయి ఉంటుంది. పది రూపాయలు కూడా చెయ్యని ఆ పిన్నులు నాలుగు బోటులో ఎప్పుడూ ఉండాలి.

లివరు బిగుసుకుపోతే కేబులును ఇంజను వైపు విప్పి చూడండి. అప్పుడు తేలికైతే తప్పు ఇంజను లింకేజీలో, అంటే కేబులు కదిపే కడ్డీలూ కీళ్లలో ఉంది. ఇంకా బిగువుగానే ఉంటే కంట్రోల్ వైపు కూడా విప్పి, కేబులును చేత్తో లాగి తొయ్యండి. ఉప్పునీళ్లు లోపలికి దిగి తీగ తుప్పు పట్టి ఉబ్బితే కేబులు మార్చడమే దారి. అందులో నూనె పొయ్యడం నాకు అస్సలు నచ్చదు. రెండు రోజులు కదులుతుంది, తుప్పు మాత్రం పోదు. ఒకటి పోయిందంటే రెండోదీ అదే వయసుది కాబట్టి రెండూ కలిపే మార్చండి. పొడవు పాత కేబులు తొడుగు మీద అచ్చయి ఉంటుంది. కొత్తదాన్ని 20 సెంటీమీటర్ల వ్యాసార్థం కంటే బిగుతుగా వంచొద్దు.

బిగించేటప్పుడు లివరు, షిఫ్ట్ ఆర్మ్ రెండూ న్యూట్రల్‌లో పెట్టి, కేబులు చివరి జాయింటును తిప్పుతూ రంధ్రం పిన్ను మీద దానంతటదే కూర్చునేలా చూడండి. జాయింటులోకి మర కనీసం 8 మిల్లీమీటర్లు వెళ్లాలి, లాక్ నట్టు మరవొద్దు. థ్రాటిల్ కేబులు తగిలించేటప్పుడు థ్రాటిల్ ఆర్మ్ ఐడిల్ స్టాపును (ఇంజను అతి తక్కువ వేగంలో ఉన్నప్పుడు ఆర్మ్ ఆగే చోటును) ఆనుకుని ఉండాలి. లివరు ముందుకు నెడితే సుమారు 35 డిగ్రీల దగ్గర గేరు పడాలి, థ్రాటిల్ తెరుచుకోవడం ఆ తర్వాతే. చివరగా ఇంజను ఐడిల్‌లో ఉంచి స్టీరింగును ఆ చివరి నుంచి ఈ చివరికి తిప్పండి. స్పీడు మారితే కేబులు ఎక్కడో లాగుతోందని అర్థం, దారి మార్చి మళ్లీ వెయ్యాలి.