నలభై ఫ్లాట్ల మెయింటెనెన్స్ లెక్క సంప్ దగ్గర మొదలవుతుంది

హైదరాబాద్‌లో అపార్ట్‌మెంట్ జనరల్ బాడీ మీటింగ్ అంటే సగం టైం ఒక్క ప్రశ్నకే పోతుంది: మెయింటెనెన్స్ రెండు వేలే ఉంచాలా, పెంచాలా? చేతులెత్తమంటారు. సహజంగానే తక్కువ అంకెకే ఎక్కువ చేతులు లేస్తాయి. ఏప్రిల్ వచ్చేసరికి ట్యాంకర్ల బిల్లు పట్టుకుని ట్రెజరర్ ఇంటింటికీ తిరిగి "ఈ నెల ఇంకో వెయ్యి ఇవ్వండి" అని అడగాల్సి వస్తుంది. గొడవలు అక్కడే పుడతాయి. చేతులెత్తే ముందు లెక్క అందరి ముందూ ఉంటే ఈ పరిస్థితి రాదు. ఆ లెక్కలో వాచ్‌మన్ జీతం, లిఫ్ట్, కరెంటు ఏడాది పొడుగునా ఇంచుమించు ఒకేలా ఉంటాయి. ఊగేది నీళ్లే. అందుకే నీళ్లతో మొదలుపెడదాం.

స్టిల్ట్ మీద ఐదంతస్తులు, అంతస్తుకు ఎనిమిది చొప్పున 40 ఫ్లాట్లు అనుకోండి. ఇంటికి నలుగురైతే 160 మంది. పట్టణాల్లో మనిషికి రోజుకు 135 లీటర్లు అన్నది మన దేశంలో నీటి సరఫరాకు వాడే ప్రమాణం. ఆ లెక్కన రోజుకు 21,600 లీటర్లు కావాలి. వాటర్ బోర్డు నల్లా రోజు విడిచి రోజు వచ్చి 12,000 లీటర్లు ఇస్తే రోజుకు 6,000 పడ్డట్టు. ఎండాకాలంలో బోరు 8,000 ఇస్తుందనుకుందాం. ఇంకా 7,600 లీటర్లు తక్కువ. నెలకు 5,000 లీటర్ల ట్యాంకర్లు 46. ట్యాంకర్ 900 రూపాయలైతే నెలకు 41,400, మార్చి మధ్య నుంచి జూన్ మధ్య దాకా మూడు నెలలకు 1,24,200. దీన్ని ఆ మూడు నెలల్లోనే వసూలు చేయబోతే ఇంటికి 3,105 అదనం, గొడవ తప్పదు. అదే పన్నెండు నెలలకు పరిస్తే ఇంటికి నెలకు 259 రూపాయలు, ఎవరికీ బరువనిపించదు. ఎండాకాలం నీళ్ల డబ్బు వానాకాలంలోనే జమ కావాలి.

ట్యాంకర్ మీద 5,000 లీటర్లు అని రాసి ఉన్నంత మాత్రాన అన్ని నీళ్లూ సంప్‌లో పడ్డాయని అనుకోవద్దు. కొలవడం చాలా తేలిక. సంప్ లోపలి కొలతలు 5 మీటర్లు, 4 మీటర్లు అయితే 5,000 లీటర్లకు నీటి మట్టం సరిగ్గా 25 సెంటీమీటర్లు పెరగాలి. 21 సెంటీమీటర్లే పెరిగితే వచ్చింది 4,200 లీటర్లు. మూత తీయగానే కనబడేలా సంప్ గోడకు పెయింట్‌తో స్కేలు గీయించండి. ట్యాంకర్ ఖాళీ అవుతున్నంతసేపూ మోటారు ఆపాలి, నల్లా వాల్వు కట్టేయాలి, లేకపోతే కొలతకు అర్థం లేదు. ట్యాంకర్ రాకముందు మట్టం, ఖాళీ అయ్యాక మట్టం, టైము, బండి నంబరు: ఈ నాలుగూ వాచ్‌మన్ నోట్‌బుక్‌లో రాస్తే చాలు. నెలాఖరున బిల్లును ఆ పుస్తకంతో సరిపోల్చి డబ్బు కట్టండి.

దానికన్నా పెద్ద నష్టం బిల్డింగ్ లోపలే జరుగుతుంటుంది. అర్ధరాత్రి ఒంటిగంటకు మోటారు ఆపి పై ట్యాంకు మట్టం కొలవండి, నాలుగింటికి మళ్లీ కొలవండి. ఆ మూడు గంటల్లో వాడకం దాదాపు ఉండదు కాబట్టి తగ్గిందంతా లీకేజీ కిందే లెక్క. ట్యాంకు లోపల 4 మీటర్ల పొడవు, 2.5 మీటర్ల వెడల్పు ఉంటే ఒక్క సెంటీమీటర్ తగ్గుదల 100 లీటర్లకు సమానం. ఆరు సెంటీమీటర్లు తగ్గితే గంటకు 200, రోజుకు 4,800 లీటర్లు. అంటే రోజుకో ట్యాంకర్, నెలకు 27,000 రూపాయలు మోరీలో పోతున్నాయన్నమాట. నైట్ డ్యూటీల వాళ్లు ఒకరిద్దరు ఉంటే వరసగా మూడు రాత్రులు కొలిచి, అన్నిటికన్నా తక్కువ వచ్చిన అంకె తీసుకోండి.

ఆ లీకేజీలో పెద్ద వాటా సాధారణంగా ఫ్లష్ ట్యాంకులది. వాల్వు అడుగున రబ్బరు వాషర్ అరిగితే నీళ్లు చప్పుడు లేకుండా కమోడ్‌లోకి జారుతుంటాయి, ఇంట్లో వాళ్లకు తెలియనే తెలియదు. ఫ్లష్ ట్యాంకులో కాస్త ఫుడ్ కలర్ వేసి అరగంట ఎవరూ వాడకుండా వదిలేయండి. కమోడ్‌లో రంగు కనబడితే వాషర్ పోయినట్టే. ఒక ఆదివారం కమిటీ తరఫున ప్లంబర్‌ను పెట్టుకుని నలభై ఫ్లాట్లూ తిప్పడం మంచిది. వాషర్ల ఖర్చు అసోసియేషన్ భరించినా లాభమే. "మీ ఇంట్లో మీరే చూసుకోండి" అని నోటీసు అంటిస్తే ఎవరూ చూసుకోరు.

ఫ్లాట్‌కో మీటరు పెడితే అన్నీ సర్దుకుంటాయి అనేవాళ్లున్నారు. కొత్త బిల్డింగ్‌లో అది నిజమే. పాతవాటిలో ఒక్కో ఫ్లాట్‌కు కిచెన్‌కు ఒకటి, బాత్రూమ్‌కు ఒకటి చొప్పున మూడు నాలుగు లైన్లు వేర్వేరుగా దిగుతాయి. అంటే ఇంటికి మూడు నాలుగు మీటర్లు. పైగా బోరు నీళ్లలోని ఇసుక చక్రం తిరిగే మీటర్లను తొందరగా పట్టేస్తుంది. ముందు రాత్రి లీకేజీ తగ్గించి, తర్వాత మీటర్ల సంగతి ఆలోచించడం నయం. బోర్డు నల్లా మీటరు మాత్రం తప్పనిసరిగా పనిచేస్తుండాలి. 2021 జనవరిలో మొదలైన నెలకు ఇంటికి 20,000 లీటర్ల ఉచిత నీటి పథకం అపార్ట్‌మెంట్‌కు వర్తించాలంటే పనిచేసే మీటరూ, ఫ్లాట్ల వారీగా ఆధార్ లింకూ ఉండాలి. చాలా చోట్ల ఆగిపోయేది ఇక్కడే: ఓనర్ అమెరికాలో ఉంటాడు, అద్దెకున్నవాళ్లు తమకు సంబంధం లేదనుకుంటారు. వాళ్లకు ఫోన్ చేసి లింక్ చేయించే పని కమిటీదే.

సంప్, పై ట్యాంకులు ఆర్నెల్లకోసారి కడిగించాలి. కడిగి నింపాక బ్లీచింగ్ పౌడర్ కొలత వెయ్యి లీటర్లకు 2.5 గ్రాములు. 40,000 లీటర్ల సంప్‌కు 100 గ్రాములు చాలు. పొడిని నేరుగా నీళ్లలో పోయకూడదు. బకెట్‌లో ముద్దలా కలిపి, నీళ్లు పోసి, సున్నం అడుక్కి దిగాక పైన తేరిన నీళ్లు మాత్రమే వంచాలి. గంట గడిచాకే మోటారు వేయాలి. తెరిచి ఉంచిన పౌడర్‌లో క్లోరిన్ ఎగిరిపోతుంది, అందుకని చిన్న ప్యాకెట్లు కొనండి. చాలామంది టీడీఎస్ మీటరు ముంచి నీళ్లు మంచివో కాదో తేల్చేస్తుంటారు. అది కరిగిన లవణాలను చూపిస్తుందే తప్ప క్రిములను పట్టదు.

సంప్‌లోకి మనిషి దిగేముందు మూతలన్నీ చాలాసేపు తెరిచి ఉంచాలి, పైన ఇంకో మనిషి కాపలా ఉండాలి. ఇక సెప్టిక్ ట్యాంకులోకి ఎవరినీ దించనే దించకండి. రక్షణ సామగ్రి లేకుండా అలా దించడం 2013 నాటి మాన్యువల్ స్కావెంజింగ్ నిషేధ చట్టం కింద నేరం, పిలిపించినవాళ్లే బాధ్యులవుతారు. శిక్ష సంగతి అటుంచితే ఒక ప్రాణం పోతుంది. మిషన్ బండి ఖర్చెక్కువైనా దాన్నే పిలిపించాలి, ఇక్కడ బేరానికి తావు లేదు.

ఇప్పుడు నెల లెక్క పూర్తి చేద్దాం. అంకెలు ఉదాహరణకే, మీ బిల్లులు చూసి మార్చుకోండి. వాచ్‌మన్ దంపతులకు 18,000. ఊడ్పు, చెత్త 8,000. రెండు లిఫ్టుల ఏఎంసీ (ఏడాది మెయింటెనెన్స్ కాంట్రాక్టు) 9,000. కామన్ కరెంటు 22,000. డీజిల్ 4,000. మామూలు నెలల్లో నల్లా బిల్లు, ఒకటీ అరా ట్యాంకర్లు 6,000. ఎండాకాలం ట్యాంకర్ల వాటా 10,350. ప్లంబర్, ఎలక్ట్రీషియన్, బల్బులు 6,000. ట్యాంకుల కడుగుడు 1,500. లెక్కలు, ఆడిట్ 1,500. బిల్డింగ్ ఇన్సూరెన్స్ 2,000. మొత్తం 88,350, ఇంటికి 2,209. దీనికి పెద్ద పనుల నిధి కలపాలి. ఆరేళ్లకోసారి బయటి పెయింటింగ్ ఆరు లక్షలైతే ఏడాదికి లక్ష, మోటారు, జనరేటర్, లిఫ్ట్ రోప్, టెర్రస్ వాటర్‌ప్రూఫింగ్‌లకు ఏడాదికి 1,20,000. ఇంటికి నెలకు 458. అన్నీ కలిపి 2,667, రౌండ్‌గా 2,700. ఈ బిల్డింగ్ 2,000తో నడుస్తోందంటే ఏడాదికి 3,36,000 తక్కువ వసూలవుతున్నట్టు. ఆ లోటంతా పెయింటింగ్ వాయిదాల్లో, కారే టెర్రస్‌లో కనబడుతుంది. పెద్ద పనుల నిధికి వేరే ఖాతా తెరిచి, డబ్బును ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో వేయండి. ఒకే ఖాతాలో ఉంచితే ట్యాంకర్లకు కరిగిపోతుంది.

అన్ని ఫ్లాట్లకూ సమానమా, ఎస్ఎఫ్‌టీ (చదరపు అడుగుల) లెక్కనా అన్నది పాత తగాదా. వాచ్‌మన్, లిఫ్ట్, నీళ్లు విస్తీర్ణాన్ని బట్టి మారవు కాబట్టి నెలవారీ ఖర్చు సమానంగానూ, పెయింటింగ్ లాంటి నిధి ఎస్ఎఫ్‌టీ ప్రకారమూ పంచుకోవడం నాకు సబబుగా తోస్తుంది. ఏది ఒప్పుకున్నా బైలాలో, అంటే అసోసియేషన్ నియమావళిలో, రాసుకోవాలి. జీఎస్టీ భయం చిన్న బిల్డింగులకు అక్కర్లేదు. నెలకు ఒక్కో ఫ్లాట్‌కు 7,500 దాటడం, అసోసియేషన్ ఏడాది వసూళ్లు 20 లక్షలు దాటడం, రెండూ ఉంటేనే అది వర్తిస్తుంది.

వసూళ్లు అసోసియేషన్ ఖాతాకే రావాలి, ట్రెజరర్ సొంత యూపీఐకి ఒక్క రూపాయి కూడా రాకూడదు. నోట్‌లో ఫ్లాట్ నంబరు రాయమంటే సగం మంది రాయరు. అందుకే ఎవరి పేరున వచ్చే డబ్బు ఏ ఫ్లాట్‌దో ఒక పట్టిక పెట్టుకుని, అద్దెవాళ్లు మారినప్పుడల్లా దిద్దుకోవాలి. బ్యాంకు ఓటీపీలకు అసోసియేషన్ పేరుతో ఒక సిమ్ కొనండి, పాత ఫోన్ ఒకటి చాలు. లేకపోతే కమిటీ మారాక కూడా ఓటీపీ కోసం పాత ట్రెజరర్‌నే బతిమాలాలి. సంతకాలు మార్చడానికి బ్యాంకు అడిగేది తీర్మానం కాపీ, కొత్తవాళ్ల కేవైసీ. 2001 సొసైటీల చట్టం కింద రిజిస్టరైన సంఘమైతే ఏటా కొత్త కమిటీ జాబితా రిజిస్ట్రార్‌కు ఇస్తుండాలి. అది మూడు నాలుగేళ్లు ఆగిపోతే ఖాతా మార్పిడీ, కోర్టు పనీ రెండూ చిక్కుల్లో పడతాయి.

కట్టనివాళ్ల నీళ్లు ఆపేయాలని ప్రతి మీటింగ్‌లో ఎవరో ఒకరు అంటారు. ఆ పని చేయకండి. నీళ్లు నిత్యావసరం, కేసు తిరిగి కమిటీ మీదికే వస్తుంది. పదో తారీకు గడువు, ఇరవైన ఫోన్, నెల దాటితే రాతపూర్వక నోటీసు, బైలాలో ఉంటే వడ్డీ, చివరికి లాయర్ నోటీసు. అద్దెకున్నవాళ్లు కట్టకపోయినా బాకీ ఓనర్‌దేనని మొదటి నోటీసులోనే రాయండి. ఫ్లాట్ అమ్మేటప్పుడు కొనేవాళ్లు నో డ్యూస్ (బాకీ ఏమీ లేదన్న కాగితం) అడుగుతారు, చాలా బాకీలు అప్పుడు వసూలవుతాయి.

పైఇంటి బాత్రూమ్ నుంచి కింది ఇంటి సీలింగ్ కారితే కమిటీ తీర్పు చెప్పబోయే ముందు పరీక్ష చేయించాలి. పై ఫ్లాట్‌కు దిగే వాల్వు కట్టేసి కొన్ని గంటలు చూడండి. కారడం ఆగితే తప్పు నీళ్ల పైపుది. స్నానం చేసినప్పుడే కారితే నహానీ ట్రాప్‌దో (బాత్రూమ్ నేలలో నీళ్లు బయటికి పోయే చోటు) డ్రైనేజీ జాయింట్‌దో. ఈ రెండూ కాకపోతే ట్రాప్ మూసి నేల మీద రెండు అంగుళాల నీళ్లు ఒకరోజు నిలబెట్టండి, అప్పుడు చెమ్మ పెరిగితే వాటర్‌ప్రూఫింగ్ పోయింది. ఇంటి లోపలి పైపూ ట్రాపూ ఆ ఓనర్ బాధ్యత, డక్ట్‌లో నిలువుగా దిగే పైపు అసోసియేషన్‌ది. ఈ గీత కూడా బైలాలో ఉంటే సగం వాదన తగ్గుతుంది.

లిఫ్ట్ ఏఎంసీలో కాంప్రెహెన్సివ్ (విడిభాగాలతో సహా) అని రాసి ఉన్నా రోప్, ఏఆర్‌డీ (కరెంటు పోతే లిఫ్ట్‌ను దగ్గరి అంతస్తుకు చేర్చే పరికరం) బ్యాటరీలు మినహాయింపుల్లో ఉన్నాయేమో చూసి సంతకం చేయండి. జనరేటర్‌కు అవర్ మీటర్ రీడింగ్ పక్కన పోసిన డీజిల్ లీటర్లు రాయించండి. గంటకు నాలుగు లీటర్లు తాగే మిషన్ ఉన్నట్టుండి ఆరు తాగితే ఇంజిన్‌లోనో కాపలాలోనో లోపం ఉంది.

కమిటీ దిగిపోయేటప్పుడు లెక్కల ఫైలు అందరూ ఇస్తారు. వాల్వుల పటం మాత్రం ఎవరూ ఇవ్వరు. టెర్రస్ మీద ప్రతి వాల్వుకూ పెయింట్‌తో నంబరు వేసి, ఏ నంబరు ఏ ఫ్లాట్లకు, ఏ లైనుకు వెళ్తుందో కాగితం మీద గీసి, లామినేట్ చేయించి మోటారు రూమ్ తలుపుకు లోపలివైపు తగిలించండి. రాత్రి పదకొండింటికి పైపు పగిలితే ప్లంబర్ వచ్చేలోపు వాచ్‌మనే ఆ ఒక్క వాల్వు కట్టేయగలుగుతాడు.