ఏ స్కూల్లో చదివావు, ఏ టీమ్ నీది?

ఆస్ట్రేలియా వచ్చిన తెలుగువాళ్ళకి ఇక్కడి ఎండాకాలంలో ఆఫీసు కబుర్లతో పెద్ద ఇబ్బంది ఉండదు. క్రికెట్ ఉంటుంది, అందులో మనకి తెలియనిదేముంది. చిక్కంతా మార్చి వచ్చాకే. అక్కణ్ణుంచి సెప్టెంబర్ చివరిదాకా సోమవారం పొద్దున కాఫీ మిషన్ దగ్గర అందరూ ఫుటీ గురించే మాట్లాడతారు. సిడ్నీలో ఫుటీ అంటే ఒక ఆట, మెల్‌బోర్న్‌లో ఇంకో ఆట. మొత్తం నాలుగున్నాయి: రగ్బీ లీగ్, రగ్బీ యూనియన్, అందరూ ఏఎఫ్ఎల్ అని పిలిచే ఆస్ట్రేలియన్ రూల్స్, మనం ఫుట్‌బాల్ అనుకునే సాకర్. మూడు కోట్ల జనం కూడా లేని దేశంలో నాలుగు ఆటలు, దాదాపు ఒకటే సీజన్, అవే గుప్పెడు టీవీ ఛానళ్ళు. కొట్టుకోక ఏం చేస్తాయి?

కొత్తగా వచ్చినవాళ్ళకి ఇక్కడివాళ్ళు చెప్పే వివరణ ఒకటుంది. యూనియన్ డబ్బున్నవాళ్ళది, లీగ్ రెక్కల కష్టం మీద బతికేవాళ్ళది, సాకర్ వలస వచ్చినవాళ్ళది, ఏఎఫ్ఎల్ మెల్‌బోర్న్ వాళ్ళ పిచ్చి. ఆటలు ఎలా పుట్టాయి అన్నంతవరకు ఇది దాదాపు నిజమే. కానీ ఇవాళ ఏ క్లబ్బు బతకాలి, ఏది మూతపడాలి అన్నది తేల్చేది టీవీ వాళ్ళు అమ్ముకునే యాడ్ల టైమే. పేదోళ్ళ ఆట, గొప్పోళ్ళ ఆట అన్న మాట ఇప్పుడు ఎక్కువగా ఆ టైమ్ అమ్మడానికి గోడకి అంటించే పోస్టర్ అని నా అభిప్రాయం.

ముందు పుట్టుక సంగతి. ఇంగ్లండ్‌లో 1895లో రగ్బీ రెండు ముక్కలైంది. ఉత్తరాది గనుల్లో, మిల్లుల్లో పనిచేసేవాళ్ళు శనివారం ఆడితే ఆ పూట కూలి పోయేది, అదన్నా ఇప్పించమని వాళ్ళ క్లబ్బులు అడిగాయి, ఆటకి డబ్బు తీసుకోవడం పెద్దమనుషుల లక్షణం కాదని లండన్ పెద్దలు కుదరదన్నారు. శనివారం కూలి పోతే ఇల్లు గడవని వాడికి పెద్దమనిషి లక్షణాలు ఎక్కణ్ణుంచి వస్తాయి? సిడ్నీలో 1907లో అదే కథ. అలెక్ బర్డన్ అనే ఆటగాడు గాయపడి పనికి వెళ్ళలేకపోయాడు, యూనియన్ పైసా ఇవ్వలేదు. ఆ కోపంతో కొందరు కూడి వేరుకుంపటి పెట్టారు. వాళ్ళలో మన క్రికెట్ పిచ్చివాళ్ళకి బాగా తెలిసిన విక్టర్ ట్రంపర్ ఒకడు, సమావేశాలు జరిగింది కూడా ఆయన స్పోర్ట్స్ దుకాణంలోనే. 1908లో లీగ్ మొదలైంది. సౌత్ సిడ్నీ, బాల్మెయిన్, న్యూటౌన్, గ్లీబ్, అన్నీ అప్పట్లో కార్మికుల పేటలే.

ఇక్కడ నాకు భలే నచ్చే ముక్క ఒకటుంది. కొత్త లీగ్ నిలదొక్కుకోలేక తిప్పలు పడుతుంటే 1909లో జాయింటన్ స్మిత్ అనే హోటళ్ళ యజమాని డబ్బు పెట్టి, యూనియన్ జాతీయ జట్టులోని పెద్ద పెద్ద ఆటగాళ్ళని ఇటు లాగేశాడు. ఆ దెబ్బకి సిడ్నీలో యూనియన్ కోలుకోలేదు. అదే స్మిత్ 1919లో తన పేరుతోనే ఒక వారపత్రిక పెట్టాడు, అందులో భాగస్వామి రాబర్ట్ క్లైడ్ ప్యాకర్, అంటే 1970ల చివర్లో రంగు బట్టలు తొడిగి, లైట్ల కింద క్రికెట్ ఆడించిన కెర్రీ ప్యాకర్‌కి తాతగారు. కార్మికుల ఆట అని మనం చెప్పుకునేదాని వెనక మొదటి రోజుల్నుంచీ ఎవరి పర్సు ఉందో చూశారుగా.

యూనియన్ మాత్రం ప్రైవేటు స్కూళ్ళలోకి వెళ్ళి తలుపేసుకుంది. మన ఊళ్ళో కొత్త మనిషి కనబడితే ముందు ఇంటిపేరు అడుగుతారు కదా, అడిగేది ఇంటిపేరే అయినా తెలుసుకోవాలనుకునేది కులం. సిడ్నీలో ఒక తరగతి మనుషులు ఏ స్కూల్లో చదివావని అడగడం కూడా సరిగ్గా అలాంటిదే. జవాబులోనే ఏ పేట, నాన్న ఏం చేసేవాడు, శనివారం ఏ ఆట చూస్తావు, అన్నీ వచ్చేస్తాయి. వెంట్‌వర్త్‌విల్, వెస్ట్‌మీడ్ చుట్టుపక్కల ఉండే తెలుగువాళ్ళకి పారమట్టా పక్కనున్న ది కింగ్స్ స్కూల్ తెలిసే ఉంటుంది, ఫీజు ఏడాదికి 40,000 డాలర్లు దాటుతుంది. అక్కణ్ణుంచి కాస్త దూరం వెళితే పారమట్టా ఈల్స్ స్టేడియం, అది లీగ్ కోట. మధ్యలో కార్లో పది నిమిషాలు పడుతుందేమో.

మెల్‌బోర్న్‌లో ఈ లెక్క పనిచేయదు. అక్కడి ఆట 1859లో నియమాలు రాసుకున్నప్పటినుంచీ ప్రైవేటు స్కూళ్ళదీ అదే, రేవులో మూటలు మోసేవాడిదీ అదే. తేడా ఆటలో లేదు, క్లబ్బుల్లో ఉంది. కాలింగ్‌వుడ్ పేదపేట జట్టు, మెల్‌బోర్న్ క్లబ్బు వాళ్ళేమో టీమ్ ఓడిపోవడం మొదలుపెట్టగానే మంచు కొండల మీదికి స్కీయింగ్‌కి పోతారని జోకులు. ఏ ప్రాంతంలో ఏ ఆట నడుస్తుందో చెప్పడానికి ఇయాన్ టర్నర్ అనే చరిత్రకారుడు 1978లో మ్యాప్ మీద ఒక ఊహాగీత గీశాడు, దాన్ని బరాసీ లైన్ అంటారు. దానికి ఒకపక్క న్యూ సౌత్ వేల్స్‌లో ఎక్కువ భాగం, క్వీన్స్‌లాండ్, ఇంకోపక్క మిగతా దేశం. వర్గాన్ని బట్టి ఆట మారేది గీతకి పైన, అంటే సిడ్నీ, బ్రిస్బేన్ వైపే.

సాకర్‌ది ఇంకో రకం దురదృష్టం. యుద్ధం తర్వాత వచ్చిన గ్రీకులు, ఇటాలియన్లు, క్రొయేషియన్లు, హంగేరియన్లు పగలు ఫ్యాక్టరీల్లో చేసి వారాంతం తమ తమ క్లబ్బుల్లో ఆడేవాళ్ళు. ఆ ఆటకి ఇక్కడివాళ్ళు పెట్టిన పేరు తిట్టే, అది ఇక్కడ రాయను. 2005లో ఏ-లీగ్ మొదలుపెట్టినప్పుడు వెస్ట్‌ఫీల్డ్ మాల్స్ అధిపతి ఫ్రాంక్ లోవీ నాయకత్వంలో వలసవాళ్ళ పాత క్లబ్బుల్ని దాదాపు అన్నింటినీ పక్కనపెట్టి, ఏ దేశం వాసనా లేని జట్లు పెట్టారు. ఆటని యాభై ఏళ్ళు మోసినవాళ్ళకి దక్కిన మర్యాద ఇది. టీవీకి అమ్మాలంటే గ్రీకు జెండాలు కనపడకూడదన్నమాట.

ఇక 1995. ఈ గొడవలన్నింటికీ తల్లి ఈ ఏడాదే.

దేశంలో పే టీవీ, అంటే నెలనెలా డబ్బు కట్టి చూసే టీవీ, అప్పుడే వస్తోంది. ఒకపక్క పత్రికల అధిపతి రూపర్ట్ మర్డాక్, ఫోన్ల కంపెనీ టెల్‌స్ట్రా కలిసి పెట్టిన ఫాక్స్‌టెల్, ఇంకోపక్క ఇంకో ఫోన్ల కంపెనీ ఆప్టస్, దాని వైపు ఛానల్ నైన్ అధిపతి కెర్రీ ప్యాకర్. రెండు కంపెనీలూ పోటీపడి ఒకే వీధుల్లో రెండేసి కేబుళ్ళు లాగాయి, పక్క వీధులకి ఒక్కటీ రాలేదు. కేబుల్ ఉంటే సరిపోదుగా, జనం డబ్బిచ్చి చూసేది ఏదో ఒకటి కావాలి. సిడ్నీ, బ్రిస్బేన్‌లో ఆ ఏదో ఒకటి రగ్బీ లీగే. దాని హక్కులు ప్యాకర్ చేతిలో ఉన్నాయి. హక్కులు దొరక్కపోతే ఏం చేయాలి? మర్డాక్ మనుషులు లీగ్‌నే కొనేద్దామనుకున్నారు. 1995 మార్చి చివర, ఏప్రిల్ మొదట్లో రాత్రికి రాత్రి ఆటగాళ్ళని హోటల్ గదులకి పిలిపించి, చెక్కులు ముందు పెట్టి సూపర్ లీగ్ అనే తమ సొంత పోటీకి సంతకాలు చేయించారు. అవతలివాళ్ళు ఊరుకుంటారా, వాళ్ళూ చెక్కుబుక్కులు తీశారు. అప్పటిదాకా ఇంకో ఉద్యోగం చేసుకుంటూ ఆడినవాళ్ళ జీతాలు వారం తిరిగేసరికి రెండింతలు, మూడింతలు అయ్యాయి. కోర్టులో మొదట పాత లీగ్ వాళ్ళు, అప్పీలులో సూపర్ లీగ్ వాళ్ళు గెలిచారు. 1997లో రెండు పోటీలు విడివిడిగా జరిగాయి, ఒకే ఆటలో ఇద్దరు ఛాంపియన్లు, న్యూకాజిల్ ఒకటి, బ్రిస్బేన్ ఒకటి. జనం విసిగిపోయారు. 1998లో రెండూ కలిసి ఎన్ఆర్ఎల్ అయింది, అందులో మర్డాక్ కంపెనీకి సగం వాటా, అది వదులుకోవడానికి 2012 దాకా పట్టింది.

ఆ గొడవ చూసి భయపడ్డ యూనియన్ పెద్దలు తమ కుర్రాళ్ళని కూడా ఎత్తుకుపోతారని 1995 జూన్‌లోనే దక్షిణాఫ్రికా, న్యూజిలాండ్‌లతో కలిసి అదే మర్డాక్‌కి పదేళ్ళ హక్కులు 55.5 కోట్ల అమెరికన్ డాలర్లకి అమ్ముకున్నారు. ఆగస్టుకల్లా డబ్బు ముట్టరాదన్న నియమం గాల్లో కలిసిపోయింది. వందేళ్ళు పట్టుకుని వేలాడిన సిద్ధాంతం రెండు నెలల్లో అయిపోయింది, చూడండి.

కలిసిన లీగ్‌లో జట్లు ఎక్కువైపోయాయి, పద్నాలుగుకి తగ్గించాలన్నారు. లెక్కలు వేసి 1999 సీజన్ అవగానే సౌత్ సిడ్నీని తీసేశారు. 1908లో మొట్టమొదటి కప్పు గెలిచింది ఈ జట్టే, రెడ్‌ఫర్న్ పేటది, ఆదివాసీ కుటుంబాలకి ప్రాణం. ఎందుకు తీసేశారంటే బ్యాలెన్స్ షీటు బాగాలేదని. నాకు ఈ కథలో గొప్పగా అనిపించేది ఆ తర్వాత జరిగింది. వేలకి వేల మంది ఎరుపు, ఆకుపచ్చ జెర్సీలు వేసుకుని సిడ్నీ వీధుల్లో ఊరేగింపులు చేశారు, మర్డాక్ పేపరు కొనడం మానేసినవాళ్ళున్నారు, చందాలు వసూలుచేసి కోర్టుకి వెళ్ళారు. 2001లో ఫెడరల్ కోర్టు అప్పీలులో గెలిచి 2002లో మళ్ళీ మైదానంలోకి వచ్చారు. 2003లో హైకోర్టు ఆ తీర్పుని తిరగేసింది, కానీ అప్పటికే మళ్ళీ బయటకి నెట్టే ధైర్యం ఎవరికీ లేదు. ఇంతాచేసి ఆ క్లబ్బులో ఎక్కువ వాటా 2006లో కొన్నది ఎవరయ్యా అంటే హాలీవుడ్ నటుడు రసెల్ క్రో, ఆయనతో ఇంకో వ్యాపారవేత్త. కార్మికుల క్లబ్బుని జనం కాపాడారు, తర్వాత కోటీశ్వరుడు నడిపాడు, 2014లో 43 ఏళ్ళ తర్వాత కప్పు వచ్చింది. దీన్ని వర్గపోరాటంలో గెలుపనాలో ఓటమి అనాలో మీరే చెప్పండి.

ఇప్పటి ధరలు చూస్తే ఏఎఫ్ఎల్ అందరికన్నా పైన ఉంది. 2025 నుంచి 2031 దాకా ఏడేళ్ళకి 450 కోట్ల ఆస్ట్రేలియన్ డాలర్లు. దీనికి ఆట అందం ఒక్కటే కారణం కాదు. మ్యాచ్ నాలుగు క్వార్టర్లు, మొత్తం రెండున్నర గంటలు, ప్రతి గోల్ తర్వాత బంతి మళ్ళీ మధ్యకి వెళ్ళేలోపు ఒక యాడ్ పడుతుంది. సాకర్‌లో 45 నిమిషాలు గడియారం ఆగదు, యాడ్ ఎక్కడ దూర్చాలి? పిల్లలు ఎక్కువగా ఆడే జట్టు ఆట ఈ దేశంలో సాకరే, కానీ టీవీ డబ్బు విషయంలో మాత్రం బీద చుట్టం. 2023 మహిళల సాకర్ ప్రపంచకప్ సెమీఫైనల్లో ఆస్ట్రేలియా జట్టు మటిల్డాస్ ఇంగ్లండ్‌తో ఆడినప్పుడు ఛానల్ సెవెన్‌లో సగటున 71 లక్షల మంది చూశారు, 2001లో రేటింగుల లెక్క మొదలయ్యాక అప్పటికి అదే రికార్డు. అంతటి టోర్నీలోనూ ఉచితంగా వచ్చినవి పదిహేను మ్యాచులే, మిగతావి డబ్బు కట్టినవాళ్ళకే.

లీగ్ కూడా అంతే. వారానికి ఛానల్ నైన్‌లో ఉచితంగా వచ్చేవి మూడు మ్యాచులు, మొత్తం చూడాలంటే ఫాక్స్‌టెల్‌కో దాని యాప్ కేయోకో నెలనెలా కట్టాలి. ఆ ఫాక్స్‌టెల్ 2025లో లండన్ కంపెనీ డాజోన్ చేతికి పోయింది. పైగా క్లబ్బులకి వచ్చే ఇంకో ఆదాయం పోకీల నుంచి, అంటే జూదం మిషన్లు, న్యూ సౌత్ వేల్స్ క్లబ్బుల్లో 1956 నుంచి చట్టబద్ధం. పశ్చిమ సిడ్నీలో జట్లకి అనుబంధంగా నడిచే లీగ్స్ క్లబ్బుల్లో భోజనం చవగ్గా దొరకడానికి కారణం ఆ పక్క హాల్లో మిణుకు మిణుకుమనే మిషన్లే. కార్మికుల ఆటకి కార్మికులే రెండుసార్లు డబ్బు కడుతున్నారు.

యూనియన్ సంగతి మరీ చిత్రం. పశ్చిమ సిడ్నీ నుంచి, ముఖ్యంగా సమోవా, టోంగా కుటుంబాల నుంచి బలమైన కుర్రాళ్ళని ప్రైవేటు స్కూళ్ళు స్కాలర్‌షిప్‌తో తెచ్చుకుంటాయి, చదువయ్యాక వాళ్ళు లీగ్‌కి వెళ్ళిపోతారు, తర్వాత యూనియన్ వాళ్ళని తిరిగి కొనుక్కుంటుంది. కింగ్స్‌లోనే చదివి, రూస్టర్స్‌లో లీగ్ ఆడిన జోసెఫ్ సువాలీని 2023లో అలాగే లాక్కున్నారు, పత్రికల లెక్కలో ఏడాదికి పదహారు లక్షల డాలర్ల దాకా. 1907లో గాయపడ్డవాడికి పైసా ఇవ్వని ఆట ఇదే మరి.

చివరగా టాస్మానియా గురించి చెప్పి ఆపేస్తాను, ఎందుకంటే నా వాదనకి ఇంతకన్నా గట్టి సాక్ష్యం లేదు. ఆ ద్వీపంలో ఏఎఫ్ఎల్ తరతరాల ఆట. అయినా దశాబ్దాలపాటు అడిగినా జట్టు ఇవ్వలేదు. 2011లో గోల్డ్ కోస్ట్‌కి, 2012లో పశ్చిమ సిడ్నీకి ఇచ్చారు, అవేమో ఈ ఆట పెద్దగా ఎవరికీ పట్టని చోట్లు. టాస్మానియా వాళ్ళు ఎలాగూ చూస్తారు, వాళ్ళకి జట్టిస్తే టీవీకి కొత్తగా ఒక్క కన్ను కూడా కలవదు. గోల్డ్ కోస్ట్‌లో అయితే కలుస్తుందేమోనని ఆశ. ఈలోగా టాస్మానియా ప్రభుత్వమే మెల్‌బోర్న్ క్లబ్బులకి ఎదురు డబ్బిచ్చి తమ దగ్గర కొన్ని మ్యాచులు ఆడించుకుంది. ఎట్టకేలకు 2023లో లైసెన్సు ఇచ్చారు, హోబార్ట్‌లో పైకప్పు ఉన్న 23,000 సీట్ల కొత్త స్టేడియం కట్టాలన్న షరతుతో. ఆసుపత్రులకి, ఇళ్ళకి డబ్బు లేదంటూ ఇదేమిటని రాష్ట్రం రెండుగా చీలింది. 2024 మార్చిలో పది డాలర్లకి సభ్యత్వం పెడితే మాత్రం రెండు లక్షలు దాటాయి, ఆరు లక్షల జనాభా కూడా లేని చోటుకి అది మామూలు సంఖ్య కాదు. స్టేడియం వద్దని ప్లకార్డు పట్టుకున్నవాళ్ళలో కూడా చాలామంది జేబులో ఆ పది డాలర్ల కార్డు ఉండే ఉంటుందని నా అనుమానం.