127 దాకా అంతా బాగానే ఉంది

చెప్పుకోడానికి సిగ్గుగా ఉంది గానీ పోయిన నెల ఒక బగ్ నా రెండు రోజులు తినేసింది, రాసింది కూడా నేనే. జావాలో రెండు ఆర్డర్ ఐడీలు ఒకటేనా కాదా చూడాలి, రెండూ ఇంటీజర్లే, అంటే ఉత్త నంబరుగా ఉండే ప్రిమిటివ్ ఇంట్ కాదు, డబ్బాలో పెట్టినట్టు ఆబ్జెక్ట్‌గా ఉండేది. హాయిగా "సమానమా" అని అడిగే == గుర్తు పెట్టేశా. టెస్టులన్నీ గ్రీన్. ప్రొడక్షన్‌లో, అంటే అసలు వాడకంలో మాత్రం లాగ్ చూస్తే అటు 4312, ఇటు 4312, ప్రోగ్రామేమో రెండూ వేరు అంటోంది!

విషయం ఏంటంటే ఆబ్జెక్టుల మధ్య == పెడితే జావా విలువ చూడదు, రెండూ మెమరీలో అదే వస్తువా అని మాత్రమే చూస్తుంది. మరి టెస్టుల్లో ఎలా పాసైంది? నేను పెట్టిన ఐడీలు 1, 2, 3. -128 నుంచి 127 దాకా నంబర్లకి జావా ఆబ్జెక్టులు ముందే చేసి దాచుకుంటుంది, ఆటోబాక్సింగ్ (ఉత్త నంబర్‌ని తనే ఆబ్జెక్ట్‌గా మార్చడం) అయిన ప్రతిసారీ అవే తీసిస్తుంది, అందుకే అక్కడ == నిజం అయిపోతుంది. 128 నుంచి మామూలుగా ఎప్పటికప్పుడు కొత్తదే.

మా అమ్మకి ఈ తేడా బాగా తెలుసు. పక్కింటికి కూర పంపిన స్టీలు గిన్నె తిరిగొస్తే తిప్పి అంచు మీద కొట్టించిన పేరు చూస్తుంది, అదే సైజు అదే మెరుపు ఉన్నా సరే "ఇది మన గిన్నె కాదే" అంటుంది. ఆవిడది ==. కూర వేసుకునే నాకు విలువ ఒకటేనా అని మాత్రం చూసే ఈక్వల్స్ చాలు.

అలాగని ఈక్వల్స్ పెడితే అయిపోయినట్టు కాదు. మన క్లాసులో (ఆబ్జెక్టులు తయారుచేసే నమూనా) అది మనం రాయకపోతే అన్నిటికీ మూలమైన ఆబ్జెక్ట్ క్లాసు నుంచి వచ్చేది వాడుతుంది, అది లోపల చేసేది మళ్ళీ == పనే. ఈక్వల్స్ రాసి, వస్తువుని ఏ అరలో వెతకాలో చెప్పే హ్యాష్‌కోడ్ మర్చిపోతే, ఆ అరల లెక్కన దాచే హ్యాష్‌సెట్‌లో పెట్టినదాన్ని అలాంటిదే ఇంకోటి ఇచ్చి వెతికితే మామూలుగా దొరకదు. ఇంకా నచ్చనిది దశాంశాలు కచ్చితంగా దాచే బిగ్‌డెసిమల్: 2.0, 2.00 ఈక్వల్స్‌కి వేరు, ఏది పెద్దదో పోల్చే కంపేర్‌టూకి ఒకటే. డబ్బు లెక్కల్లో ఇది తగిలితే దేవుడే దిక్కు.

పైథాన్ వాళ్ళు నవ్వక్కర్లేదు, అక్కడ అదే వస్తువా అని చూసే "ఈజ్" పెట్టినా ఇదే కథ, అందరూ ఎక్కువగా వాడే సీపైథాన్‌లో -5 నుంచి 256 దాకా దాచి ఉంచుతుంది. కాకపోతే పైథాన్ 3.8 నుంచి నంబర్ పక్కన నేరుగా ఈజ్ రాస్తే వార్నింగ్ అయినా ఇస్తోంది.

ఆ సాయంత్రం మా కోడంతా ఉండే రెపో మొత్తం వెతికితే ఇలాంటివి ఇంకో మూడు దొరికాయి. ఏ లైను ఎవరు రాశారో చూపించే గిట్ బ్లేమ్ కొట్టా. రెండు నావే.