మనుషులెంతమంది అని అడగడానికి యాప్‌లో ఆప్షన్ లేదు

ఆమధ్య ఒక మంగళవారం పొద్దున్న ఫోన్‌కి కార్పొరేషన్ నుంచి మెసేజ్ వచ్చింది, మీ ఫిర్యాదు పరిష్కరించబడింది, సంతృప్తి చెందారా అని. అప్పుడు నేనెక్కడున్నానంటే మా వీధి చివర కల్వర్టు దగ్గర, ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి, చెప్పులు చేత్తో పట్టుకుని. ఆ ఫిర్యాదు ఆ కాలవ గురించే. ఫోటో కూడా పెట్టారండోయ్, అద్దంలా ఉన్న కాలవ, పక్కన కొబ్బరిచెట్టు. మా వీధిలో కొబ్బరిచెట్టే లేదు, 2014లో హుద్‌హుద్‌కి పోయినవి పోగా మిగిలిన ఒక్కటీ ఎదురింటాయన మేడ కట్టేటప్పుడు కొట్టించేశాడు.

కాలనీ పేరు రాయను, రాస్తే మా అసోసియేషన్ గ్రూపులో నన్ను తినేస్తారు. కొండవాలు కాలనీ అనుకోండి, వైజాగ్‌లో అలాంటివి ఎన్ని లేవు. కొండ మీద పడిన వాన ఎర్రమట్టిని తోసుకుంటూ కిందకొచ్చి మా కాలవలో పడుతుంది, అక్కణ్ణించి గెడ్డలోకి (మా వైపు వాగుని గెడ్డ అంటాం) పోవాలి, కానీ గెడ్డ సగం పూడిపోయింది, మిగతా సగం తుప్పలు. దాంతో గంట వాన పడితే చాలు కాలవ నీళ్ళు రోడ్డెక్కి కింద వీధి ఇళ్ళ గేట్ల దాకా వచ్చేస్తాయి. నీళ్ళు తగ్గాక నాలుగు రోజులు దోమలు, ఆ తర్వాత ఎవరో ఒకరింట్లో డెంగీ టెస్టు, ఇది మాకు ప్రతి ఏడూ వచ్చే పండగలాంటిది.

ఆ మెసేజ్ చూసి ఒళ్ళు మండి, అప్పుడే బండి దిగుతున్న పారిశుధ్య మేస్త్రి గారి మీద పడ్డాను. ఏమయ్యా ఎవడి కాలవ ఫోటో పెట్టారు, మేమేమన్నా గుడ్డోళ్ళమా అని గట్టిగానే అరిచాను. ఆయన తిరిగి అరవలేదు. "బాబూ, ఆ ఫోటో ఏటో నాకు తెల్దు బాబూ. నాకు పద్దెనిమిది మంది ఉండీవోరు. ఇప్పుడు పదకొండు మంది. అందులో ఇద్దరు ఆడోళ్ళు మోకాళ్ళ నొప్పులు, ఒకడు బండి మీదే ఉండాల. మిగిలినోళ్ళతో రోడ్లు ఊడవమంటారా, కాలవ తియ్యమంటారా, మీరే సెప్పండి" అన్నాడు.

చెప్పలేకపోయాను. పద్దెనిమిది నుంచి పదకొండు ఎలా అయ్యారయ్యా అంటే రిటైరైనవాళ్ళు కొందరు, చనిపోయినవాళ్ళు ఇద్దరు, పై ఆఫీసులో పని ఉందని తీసుకెళ్ళినవాళ్ళు కొందరు. వెళ్ళినవాళ్ళ స్థానంలో ఎవరూ రాలేదు. అంతే లెక్క.

సరే అని వార్డు సచివాలయానికి వెళ్ళాను. 2019లో ఇవి పెట్టినప్పుడు సుమారు నాలుగు వేల జనాభాకి ఒకటి, పది మంది దాకా సెక్రటరీలు, శానిటేషన్‌కి ఒకరు, ఎమెనిటీస్‌కి ఒకరు, ప్లానింగ్‌కి ఒకరు అని చెప్పారు, మాకూ ముచ్చటేసింది, ఇంటి పక్కనే ఆఫీసు కదా. అంతకుముందు ఏదన్నా చెప్పుకోవాలంటే అసలు ఎవరున్నారు చెప్పండి, 2012లో కార్పొరేషన్ కౌన్సిల్ గడువు అయిపోతే మళ్ళీ 2021లో గానీ ఎన్నికలు జరగలేదు, తొమ్మిదేళ్ళు ఈ ఊరికి కార్పొరేటరన్నవాడే లేడు. ఇప్పుడు సచివాలయాలకి కూడా జనాభాని బట్టి కేటగిరీలు చేసి ఒక్కోదానికి 6 నుంచి 8 మంది అన్నారు. నేను వెళ్ళిన రోజున ముగ్గురు కనిపించారు, రెండు కుర్చీల మీద ఫైళ్ళు కూర్చున్నాయి.

శానిటేషన్ చూసే అమ్మాయి మా మేనకోడలు వయసు ఉంటుంది. రెండు సచివాలయాలు తనే చూస్తోందట. పొద్దున్న ఐదున్నరకి అటెండెన్స్, ముఖం ఫోటో తీసే యాప్, తర్వాత ఇంటింటి చెత్త స్కానింగ్, తర్వాత ఏదో ఒక సర్వే, మధ్యలో పింఛన్ల రోజు వస్తే ఒకటో తారీఖు మొత్తం అదే పని. "సార్, గడువు దాటితే కంప్లైంట్ ఎర్రగా అయిపోతుంది, ఎర్రగా ఉంటే మీటింగులో నన్ను నిలబెడతారు" అంది. అంటే ఆ కొబ్బరిచెట్టు ఫోటో వెనకాల సంగతి ఇదన్నమాట. చేసింది తప్పే, నేను ఒప్పుకోను, ఆ మాట ఆ అమ్మాయితోనే అన్నాను. కానీ ఇద్దరి పని ఒకరి నెత్తిన పెట్టి, పైగా గడియారం పెడితే ఏమవుతుంది, ఇదే అవుతుంది.

ఇంటికొచ్చి ఫిర్యాదుల యాప్ మళ్ళీ తెరిచాను. వీధిలైటు వెలగట్లేదు ఉంది, చెత్త తియ్యలేదు ఉంది, కుక్కలు ఉంది, చచ్చిన జంతువు ఉంది. మా వార్డులో మనుషులు లేరు అన్నది లేదు. ఎన్నాళ్ళుగా మేము కాలవ తియ్యండి, కాలవ తియ్యండి అని రాస్తూనే ఉన్నాం, తీసేవాళ్ళు ఎంతమంది ఉండాలి, ఎంతమంది ఉన్నారు అని మాత్రం ఒక్కరం ఒక్కసారి అడగలేదు. 2023 డిసెంబరు చివర్లో పారిశుధ్య కార్మికులు సమ్మె చేసినప్పుడు సంక్రాంతి ముందుదాకా వీధుల్లో చెత్త గుట్టలు పడ్డాయి, గుర్తుందా, అప్పుడు కూడా మేము కంపు గురించే మాట్లాడుకున్నాం.

ఆదివారం గుడి మంటపంలో మీటింగ్ పెట్టాం. పద్నాలుగు మంది వచ్చారు, నూట ఎనభై ఇళ్ళకి. మొదటి అరగంట యథాప్రకారం తిట్లు, పన్ను ఎందుకు కట్టాలి అని ఒకరు, చెత్తకి నెలకి 120 రూపాయలు కట్టించుకున్నన్నాళ్ళూ ఏమన్నా ఊడబొడిచారా అని ఇంకొకరు (అది ఎత్తేసి చాలా రోజులైంది, ఆ కోపం మాత్రం ఎత్తెయ్యలేదు). ఇక్కడ మా పరువు కూడా తీసుకోవాలి. కాలవ మీద కారెక్కడానికి ర్యాంపులు కట్టించినవాళ్ళు ఆ పద్నాలుగు మందిలో ఐదుగురు, నేను కూడా ఒకణ్ణి. ఆ ర్యాంపు కింద పార పట్టదు, చెయ్యి పట్టదు. కిందటేడు కాలవలోంచి ఒక సోఫా బయటపడింది, సోఫా! ఎవరిదో అందరికీ తెలుసు, ఆయన మీటింగ్‌కి రాలేదు.

అప్పుడు పోర్టులో పనిచేసి రిటైరైన మావయ్యగారు ఒకాయన (నాకేమీ వరస కాదు, కాలనీ అంతటికీ మావయ్యగారే) లేచి, "ఒరేయ్, అరిస్తే గొంతు పోద్ది, ఆర్టీఐ పెట్టండి" అన్నారు. 2005 నాటి సమాచార హక్కు చట్టం, పది రూపాయల ఫీజు, ముప్పై రోజుల్లో జవాబు చెప్పాలి. ఆయన చెప్పాక తెలిసింది, ఏ ఆఫీసైనా తన ఉద్యోగుల వివరాలు మనం అడక్కుండానే బయటపెట్టాలని ఆ చట్టంలో నాలుగో సెక్షనే చెబుతుందట. మూడే ప్రశ్నలు రాయించారు. మా వార్డుకి పారిశుధ్యానికి మంజూరైన పోస్టులెన్ని, ఈ రోజుకి పనిచేస్తున్నవాళ్ళెంతమంది, మిగిలినవాళ్ళు ఎక్కడ, ఏ తేదీ నుంచి. ఎందుకు, ఏమిటి అనే మాటలు రాయొద్దురా, ఎందుకు అని అడిగితే జవాబు చెప్పక్కర్లేదని తప్పించుకుంటారు, కాగితం మీద ఉన్నదే అడగాలి అన్నారు. ముప్పై ఏళ్ళు ఫైళ్ళు నడిపిన చెయ్యి కదా.

నలభై ఒకటో రోజున జవాబు వచ్చింది. ఒక్క కాగితం, మూడు గడులు. మంజూరైనవి ఇరవై రెండు, పనిచేస్తున్నవాళ్ళు పదిహేను. మేస్త్రి చెప్పిన పదకొండుకీ కాగితం మీది పదిహేనుకీ తేడా నలుగురు, ఆ నలుగురూ వేరే చోట డ్యూటీలో ఉన్నారని కింద చిన్న అక్షరాల్లో రాసి ఉంది. జీతం మా వార్డు లెక్కలో, పని ఇంకెక్కడో. వాళ్ళనీ అనడానికి లేదు, అవుట్‌సోర్సింగ్ ఉద్యోగం, పదిహేను వేల జీతం, ఆరు వేల హెల్త్ అలవెన్సు, ఎక్కడికి పొమ్మంటే అక్కడికి పోవాలి.

ఆ కాగితం పెద్దది చేయించి గుడి నోటీసు బోర్డు మీద అంటించాం. మర్నాడు మేస్త్రి గారు వచ్చి చాలాసేపు చూశాడు. "ఇరవై రెండా బాబూ? నాకు పద్దెనిమిదే అని సెప్పీవోరు" అన్నాడు. తనకో కాపీ కావాలన్నాడు, ఇచ్చాం, నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

ఈ సోమవారం పీజీఆర్‌ఎస్‌కి, అంటే అధికారులు జనం దగ్గర అర్జీలు తీసుకునే కార్యక్రమానికి, వెళ్తున్నాం. కాలవ తియ్యమని కాదు, ఆ నలుగురిని వెనక్కి పంపమని, ఖాళీగా ఉన్న ఏడు పోస్టులు ఎప్పుడు నింపుతారో రాసివ్వమని. నా ర్యాంపు శనివారం కొట్టించేస్తున్నాను, లేకపోతే అక్కడ మాట్లాడటానికి నాకు మొహం ఉండదు, మా ఆవిడ మాత్రం కారెక్కడ పెడతావని రెండు రోజులుగా అడుగుతోంది. వచ్చేవాళ్ళు తొమ్మిదింటికి గుడి దగ్గర ఉండండి, రెండు ఆటోలు మాట్లాడాం. జిరాక్స్ డబ్బులు మావయ్యగారే పెట్టుకున్నారు, ఎవరన్నా ఇస్తే బాగుంటుంది, ఆయన నోరు తెరిచి అడగరు.