మీసం, మాస్కు, మకర రేఖ

మాది కాకినాడ. ఈ సంగతి ముందే ఎందుకు చెప్తున్నానంటే ట్రిప్పు మొత్తం మా ఆవిడ నన్ను ఆడుకున్నది ఈ ఒక్క ముక్క పట్టుకునే. సముద్రం పక్కనే పెరిగాం, ఉప్పాడ బీచ్ రోడ్డు మీద సైకిళ్లు తొక్కాం, తుఫాను వార్తలు వింటూ అన్నాలు తిన్నాం, అన్నీ నిజమే కానీ మా ఇంట్లో ఎవ్వరం మోకాళ్ల లోతు దాటి సముద్రంలోకి దిగింది లేదు. ఈత కూడా నేను ఆస్ట్రేలియాలో ఈ బ్రిస్బేన్ వచ్చాక, ముప్పై దాటాక, కౌన్సిల్ పూల్‌లో ఐదేళ్ల పిల్లల క్లాసు పక్క లేన్‌లో నేర్చుకున్నా. మా ఆవిడది జగిత్యాల. వాళ్లకి దగ్గర్లో సముద్రం అంటే ఎస్సారెస్పీ (శ్రీరాంసాగర్ ప్రాజెక్టు) కాలువే. కానీ ఆవిడ ఏడో ఏట నడుముకి బెండ్లు కట్టుకుని వ్యవసాయ బావిలోకి గట్టు మీద నుంచి దూకి ఈత నేర్చుకున్న మనిషి. "మీ కాకినాడోళ్లకి సముద్రం ఫొటోలు దిగనీకే ఉన్నది" అని పెళ్లైన మొదటి ఏడాదే తేల్చేసింది.

అందుకే బ్రిస్బేన్ నుంచి కెయిర్న్స్ దాకా కార్లో వెళ్దాం, మధ్యలో రెండు రాత్రులు తెరచాప పడవలో ఉందాం, స్కూబా కూడా, అంటే గాలి సిలిండరు తగిలించుకుని నీళ్ల అడుగుకి దిగడం, చేసేద్దాం అని నేనే అన్నా, పౌరుషం కొద్దీ. దాదాపు 1,700 కిలోమీటర్లు, మొత్తం బ్రూస్ హైవేనే, తొమ్మిది రోజులు. సెప్టెంబరు పెట్టుకున్నాం ఎందుకంటే అక్కడ నవంబరు నుంచి మే దాకా సముద్రంలో బాక్స్ జెల్లీఫిష్ తిరుగుతాయి, కుడితే ప్రాణాల మీదకి వస్తుంది, బీచుల్లో స్తంభాలకి వెనిగర్ సీసాలు పెట్టి ఉంచుతారు దానికోసమే. కారు ఇక్కడ తీసుకుని అక్కడ వదిలేసే పద్ధతిలో అద్దెకి తీసుకున్నాం, ఆ వదిలేసినందుకు విడిగా బాదారు, ఎంతో చెప్పను, ఇప్పటికీ కడుపు మండుతుంది. డిక్కీలో రైస్ కుక్కర్, ఆవకాయ, మా ఆవిడ చేసిన సర్వపిండి.

మొదటి రోజు రాక్‌హాంప్టన్ దాకా 620 కిలోమీటర్లు. ఊరి పేరుకంటే నాకు అక్కడ రోడ్డు పక్కన నిలబెట్టిన మకర రేఖ స్తంభం ముఖ్యం. ఆరో తరగతి సోషల్లో గ్లోబు మీద చుక్కల గీత వేసి కర్కట రేఖ పైన, మకర రేఖ కింద అని బట్టీ పట్టించారే, ఆ కింద గీత మీద కాళ్లు చెరో పక్కా పెట్టి నిలబడి ఫొటో దిగాం. మర్నాడు మెకాయ్ వైపు 330 కిలోమీటర్లు పెద్దగా ఊళ్లే లేవు, యూకలిప్టస్ చెట్లు, ఆవులు, మళ్లీ యూకలిప్టస్. డ్రైవర్లు నిద్రపోకుండా అక్కడ ప్రభుత్వం రోడ్డు పక్కన క్విజ్ బోర్డులు పెట్టింది! ఒక బోర్డు మీద ప్రశ్న, కొన్ని కిలోమీటర్ల తర్వాత ఇంకో బోర్డు మీద జవాబు. క్వీన్స్‌లాండ్ రాష్ట్ర పుష్పం ఏది అని వచ్చింది, నేను హైబిస్కస్ అన్నా, మా ఆవిడ తంగేడు అంది, జవాబు కుక్‌టౌన్ ఆర్కిడ్ అట. మన విజయవాడ హైవే మీద కూడా ఇలాంటివి పెడితే బావుంటుంది అనుకున్నా గానీ మనవాళ్లు బోర్డు దగ్గర బండి ఆపి గూగుల్ చేస్తారు.

మెకాయ్ దగ్గర పడేసరికి అంతా చెరకు. క్రషింగ్ సీజన్ కదా, రెండడుగుల వెడల్పు పట్టాల మీద బొమ్మ రైళ్లలాంటివి చెరకు పెట్టెలు లాక్కుంటూ హైవేకి అడ్డంగా పోతాయి, మనం లైటు పడగానే ఆగాలి. సామర్లకోట షుగర్ ఫ్యాక్టరీకి వెళ్లే బళ్ల వెనకాల పరిగెత్తి గడలు లాగిన చెయ్యి ఇది, ఊరికే స్టీరింగ్ పట్టుకుని కూర్చోవడం ఎంత కష్టమో.

ఎర్లీ బీచ్‌లో పడవ ఎక్కేముందే చెప్పులన్నీ ఒక సంచీలో వేయించుకున్నారు, రెండు రోజులు అందరూ ఉత్త కాళ్లే. సూట్‌కేసులు వద్దు మెత్తటి బ్యాగే తెచ్చుకోండి అని ముందే చెప్పారు, ఎందుకో లోపలికి దిగాక అర్థమైంది, మన స్లీపర్ కోచ్ అప్పర్ బెర్తు దీనిముందు ప్యాలెస్. ఒకప్పుడు రేసుల్లో పరిగెత్తిన పడవ అది, 20 మందిమి ఉన్నాం. హార్బర్ దాటగానే తెరచాప ఎత్తడానికి మనుషులు కావాలన్నారు, మా ఆవిడ ఎప్పుడు లేచిందో తెలీదు, నేను చూసేసరికి ఇద్దరు జర్మన్ కుర్రాళ్లకి ఎదురుగా నిలబడి తాడు చుట్టే వించ్ తిప్పేస్తోంది, పిండి మిల్లు చక్రం తిప్పినట్టు. తెరచాప పూర్తిగా లేచాక ఇంజన్ ఆపేశారు. అప్పటిదాకా ఉన్న గడగడ ఒక్కసారిగా పోయి నీళ్లు చెక్కకి రాసుకునే శబ్దం, తాళ్లు కిర్రుమనడం, అంతే.

బావుంది అనుకునేలోపే పడవ ఒక పక్కకి ఒరిగిపోయింది. ఒరగడమంటే ఏదో కొంచెం కాదు, కింది పక్క అంచు నీళ్లలోకి వెళ్లిపోతోంది, మేమంతా పై పక్క అంచు మీద కాళ్లు బయటకి వేలాడేసి కూర్చున్నాం. ఆగ్నేయం నుంచి 20 నాట్ల గాలి, అంటే గంటకి 37 కిలోమీటర్లు. గాలికి ఎదురుగా తిన్నగా ఏ తెరచాప పడవా వెళ్లలేదు కాబట్టి ఒకసారి ఎడమకి ఒకసారి కుడికి కోసుకుంటూ పోవాలి, దిశ మార్చినప్పుడల్లా కెప్టెన్ ఒక కేక పెడతాడు, మనం తల మీదుగా ఊగే దూలానికి తగలకుండా వంగి ఇటు నుంచి అటు పాక్కుంటూ వెళ్లాలి. నాలుగోసారి పాకేటప్పుడు నా పని అయిపోయింది. పొద్దున తిన్న సర్వపిండి కోరల్ సముద్రానికి నైవేద్యం. మాత్ర పడవ ఎక్కడానికి గంట ముందే వేసుకోవాలట, నేను ఎక్కాక వేసుకున్నా. మా ఆవిడ వీపు రాస్తూనే "కాకినాడ గదా" అంది చిన్నగా. ఆ "గదా" ఉంది చూడండి, దానికంటే వాంతి నయం.

సాయంత్రానికి హుక్ ఐలాండ్‌లో నారా ఇన్లెట్ అనే సన్నటి పాయలోకి వెళ్లి లంగరు వేశాం. అక్కడ గాలే లేదు, చెరువులా ఉంది. ఒడ్డు మీద కొండ గుహలో న్గారో అనే ఆదివాసీలు వేసిన రంగుల గీతలు ఉన్నాయి, ఈ దీవుల మధ్య బెరడు పడవల మీద తిరిగిన జనం వాళ్లు. మర్నాడు వైట్‌హేవెన్ బీచ్, ఏడు కిలోమీటర్ల తెల్లటి ఇసుక, దాదాపు 98 శాతం సిలికా, మధ్యాహ్నం ఎండలో కూడా కాలు కాలదు, నడిస్తే కీచుమంటుంది. ఫొటోలు మీరు ఎలాగూ చూసే ఉంటారు. అలానే ఉంటుంది.

అసలు కథ ఆ మధ్యాహ్నం మాంటా రే బే దగ్గర. ముందు ఒక ఫారం నింపించారు, ఆస్తమా ఉందా, బీపీ మందులు వాడుతున్నారా, చెవి ఆపరేషన్ అయ్యిందా అని. ఇన్‌స్ట్రక్టర్ బ్రెజిల్ అమ్మాయి, పాతికేళ్లుంటాయి. మూడే సూత్రాలు చెప్పింది. ఊపిరి ఎప్పుడూ బిగబట్టకు. లోపలికి దిగుతున్నంతసేపూ ముక్కు నొక్కి ఊది చెవులు క్లియర్ చేసుకో, పది మీటర్ల లోతుకి వెళ్తే పైన ఉన్న ఒత్తిడికి రెండింతలు ఉంటుంది, చెవి ఆగదు. అంతా బావుంటే చూపుడు వేలు బొటనవేలు కలిపి సున్నా చూపించు, బొటనవేలు పైకెత్తితే మాత్రం పైకి వెళ్దాం అని అర్థం, సూపర్ అని కాదు. చెప్పడం అయ్యాక నా మొహం వంక అనుమానంగా చూసి, మీసం ఉంది కదా మాస్కులోకి నీళ్లు వస్తాయి అని వ్యాసలీన్ డబ్బా ఇచ్చింది. మీసానికి వ్యాసలీన్ దట్టంగా పూసుకుని పెళ్లికొడుకులా తయారయ్యా.

పని చెయ్యలేదు. రెండు మీటర్లు దిగామో లేదో ముక్కు కింద చల్లగా తగిలింది, అలా అలా ఎక్కుతూ కళ్ల దాకా వచ్చింది. మాస్కులో నీళ్లు ముక్కుతో ఊది బయటకి పంపడం పైన రెండుసార్లు చేసి చూపించా, కింద మాత్రం బుర్ర పని చెయ్యలేదు. ఆ అమ్మాయి ఓకేనా అని సున్నా చూపించి అడిగింది. నేను కంగారులో చెయ్యి సంగతి మర్చిపోయి తల ఊపా, మన ఊపుడు, అటూ ఇటూ. అవునో కాదో భూమ్మీదే తెల్లవాళ్లకి అర్థం కాదు, నీళ్లలో ఏం అర్థమవుతుంది? మళ్లీ అడిగింది, మళ్లీ ఊపా. మూడోసారికి బొటనవేలు ఎత్తేశా. మొత్తం ఐదు నిమిషాలు కూడా ఉండి ఉండను, పడవ మీద తువ్వాలు కప్పుకుని కూర్చున్నా.

మా ఆవిడ 25 నిమిషాల తర్వాత పైకొచ్చింది. పుస్తెలతాడు సూటు లోపలికి దోపుకుని దిగింది, వచ్చీ రాగానే అది ఉందో లేదో తడుముకుని అప్పుడు మాట్లాడటం మొదలుపెట్టింది, ఇక ఆపలేదు. నుదుటి మీద బుడిపె ఉన్న మావోరీ రాస్ అనే చేప, మనిషంత ఉందట, కుక్కపిల్లలా వెనకాలే వచ్చిందట. 2017లో డెబ్బీ తుఫాను ఇక్కడి పగడాలని బాగా విరగ్గొట్టింది, కింద గుట్టలు గుట్టలుగా ముక్కలు ఉన్నాయి, వాటి మీదే కొత్తవి అరచేతంత పెరుగుతున్నాయి అని కూడా చెప్పింది. నేను ఊఁ కొడుతూ మీసం పిండుకున్నా.

పడవ దిగాక మళ్లీ రోడ్డు. బోవెన్ దగ్గర పది మీటర్ల మామిడికాయ బొమ్మ ఉంటుంది, ఇక్కడోళ్లకి బోవెన్ మామిడి అంటే మనకి బంగినపల్లి అన్నట్టు, కాకపోతే సెప్టెంబరులో పూతే కాబట్టి ఐస్‌క్రీమ్‌తో సరిపెట్టుకున్నాం. పక్క ఊరి హోటల్లో మెనూలో బారాముండి అని ఉంటే తెప్పించా. ఒక ముక్క నోట్లో పెట్టగానే ఎక్కడో తిన్న రుచి. ఫోన్ తీసి చూస్తే అది మన పండుగప్పే! మైదాలో ముంచి వేపి, బంగాళాదుంప వేపుడు పక్కన పడేసి, నిమ్మకాయ ముక్క పెట్టి ఇచ్చారు. ఏడుపొచ్చింది.

టల్లీలో వాన. అక్కడ ఎప్పుడూ వానే, 1950లో ఒక్క ఏడాదిలో 7.9 మీటర్లు కురిసిందని ఊళ్లో అంతే ఎత్తు బంగారు రంగు గమ్‌బూట్ కట్టి పెట్టుకున్నారు. చుట్టూ అరటి తోటలు, గెలలకి సంచులు తొడిగి, అచ్చం కోనసీమే, కొబ్బరి చెట్లు తక్కువ అంతే.

కెయిర్న్స్ చేరిన రాత్రి మోటెల్ బాత్రూములో అద్దం ముందు అరగంట నిలబడ్డా. మర్నాడు బయటి రీఫ్‌కి, అంటే దూరంగా సముద్రంలో ఉన్న పగడాల దిబ్బకి, వెళ్లే పడవలో రెండు డైవులు బుక్ అయ్యి ఉన్నాయి. ముక్కు కింద అర సెంటీమీటరు తీస్తే చాలట, మీసం మొత్తం అక్కర్లేదు. కానీ మా ఇళ్లల్లో తండ్రి ఉండగా మీసం మీద కత్తి పెట్టకూడదు, అది తెలుసుగా. మా ఆవిడ తలుపు దగ్గరకొచ్చి "నువ్వు తీస్తవా నేను తియ్యాల్నా" అంది. కుడిపక్క కాస్త ఎక్కువ తెగింది, దానికి సరిచేద్దామని ఎడమ పక్క, మళ్లీ కుడి. చివరికి పాత బ్లాక్ అండ్ వైట్ సినిమా హీరోల సన్న గీత మిగిలింది.

కానీ మాస్కు అతుక్కుపోయింది, చుక్క రాలేదు. మొదటి రెండు నిమిషాలు నా ఊపిరే నాకు వినపడింది, బుడగలు గలగలా పైకి పోవడం, తర్వాత దాని వెనకాల ఇంకో శబ్దం, పెనంలో పోపు చిటపటలాడుతున్నట్టు. రీఫ్ అంతా అలా చిటపటలాడుతూనే ఉంటుంది, రొయ్యల జాతివి గోళ్లు టకటకలాడించడం అట, మధ్యమధ్యలో చిలక ముక్కు చేపలు పగడాన్ని కరకరా కొరకడం. పెద్ద ఆల్చిప్ప ఒకటి, నా ఒక చెయ్యి చాపినంత, నోరు తెరుచుకుని, లోపల నీలం మీద ఆకుపచ్చ మచ్చలు నెమలి మెడలా. నా నీడ దాని మీద పడగానే మెల్లగా ముడుచుకుంది, అలిగిన పెద్దమ్మలా. మా ఆవిడ నా చెయ్యి పట్టుకుని ఉంది, చూస్తే ఆవిడ ఎర్ర నెయిల్ పాలిష్ నల్లగా ఉంది, ఒక్క క్షణం గుండె ఆగింది రక్తం ఆగిపోయిందేమో అని. లోతుకి వెళ్లేకొద్దీ నీళ్లు ముందు ఎరుపునే మింగేస్తాయట, పైకి రాగానే మళ్లీ ఎర్రగా అయిపోయింది. ఒక తాబేలు మమ్మల్ని పట్టించుకోకుండా పక్క నుంచే పైకి వెళ్లి గాలి పీల్చుకుని మళ్లీ దిగింది. ఈసారి అమ్మాయి సున్నా చూపిస్తే నేనూ సున్నాయే చూపించా, తల బిగబట్టుకుని.

ఆ రాత్రికే ఫ్లైట్ అనుకున్నాం ముందు, కానీ రెండు డైవులు చేశాక 18 గంటలు విమానం ఎక్కకూడదట, ఒంట్లో మిగిలిన నైట్రోజన్ పైన బుడగలు కడుతుంది. టికెట్టు మార్చుకోవడానికి అయిన డబ్బుతో ఇంకో డైవ్ చేసేవాళ్లం. ఆ ఖాళీ సాయంత్రం సముద్రం ఒడ్డున ఎస్ప్లనేడ్ మీద కూర్చుని ఇంటికి వీడియో కాల్ చేశా. ఫోన్ దూరంగా పట్టుకున్నా కానీ అమ్మ కళ్లు ఊరుకుంటాయా. "మూతికేమైందిరా, మీసం ఏది? మీ నాన్న నిక్షేపంలా ఎదురుగా కూర్చుని ఉంటే..." అని మొదలుపెట్టింది. నాన్న ఫోన్ లాక్కున్నారు.

"అది సరే, లోపల పండుగప్ప కనపడిందా?"

"అది ఏర్లలో ఉంటుంది నాన్నా, పగడాల్లో కాదు. హోటల్లో తిన్నా, వేపుడు."

"పులుసు పెట్టరా?"

"పెట్టరు."

కాసేపు ఏం మాట్లాడలేదు. "అంత దూరం పోయి, మీసం కూడా ఇచ్చి, పులుసు తినకుండా వచ్చావన్నమాట" అని ఫోన్ అమ్మకిచ్చేశారు.